కొండ దిగిన కుర్రాడికి మోటివేషన్ క్లాసు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడు కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. మాది అరకులోయకీ డుంబ్రిగుడకీ మధ్యలో ఒక ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటాం. వాడు ఫోన్లో ఆ భాషలో మొదలెడితే పక్కన ఎవరూ లేరని లెక్క. తెలుగులో "హలో అన్నా" అంటే పక్కన రూమ్మేట్లు ఉన్నారని లెక్క. ఆ రోజు తెలుగే, కానీ గొంతు బాగోలేదు. "డాబా మీదకెళ్ళి మాట్లాడు" అన్నాను. రెండు నిమిషాలాగి, మెట్లెక్కిన ఆయాసంతో ఇంటి భాషలో చెప్పాడు. మొదటి సెమిస్టర్లో మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. పుస్తకం తెరవాలంటే కడుపులో తిప్పుతోందట.

"మరి కాలేజీలో ఎవరితోనైనా మాట్లాడావా?" అనడిగాను.

"మొన్న మోటివేషన్ క్లాసు పెట్టారన్నా" అన్నాడు.

ఎవరో కోటు వేసుకుని వచ్చి రెండు గంటలు మాట్లాడాడట. సింహం కథ, గద్ద కథ చెప్పాడట. అందర్నీ లేపి నిలబెట్టి "నేను సాధిస్తాను" అని మూడుసార్లు అరిపించాడట. మావాడూ అరిచాడు. సాయంత్రం రూముకొచ్చి ఎం-వన్ పుస్తకం తెరిస్తే పొద్దున్న అర్థంకాని పేజీ సాయంత్రమూ అర్థం కాలేదు. "ఇంత చెప్పినా నాకు ఎక్కలేదంటే నాలోనే ఏదో లోపం ఉందన్నా" అన్నాడు. మూడు సబ్జెక్టులు పోయినవాడికి ఆ పెద్దమనిషి నాలుగోది కూడా తప్పించి వెళ్ళాడన్నమాట!

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా తగ్గలేదు కాబట్టి ఈ టపా.

ముందు నా సంగతి చెప్పాలి. నేను 2015లో బీటెక్‌లో చేరాను, 2019లో బయటపడ్డాను. మధ్యలో మొత్తం తొమ్మిది బ్యాక్‌లాగులు. ఇప్పుడు బెంగుళూరులో ఏసీలో కూచుని "తొమ్మిది" అని దర్జాగా చెప్తున్నా గానీ, అప్పట్లో ఆ అంకె నా రూమ్మేటుక్కూడా తెలీదు. రిజల్ట్స్ వచ్చిన రోజు విశాఖ నుంచి కిరండుల్ పాసింజరెక్కి ఇంటికొస్తూ, కొత్తవలస దాటాక ఘాట్‌లో సొరంగాలు రావడం కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ లైన్లో 58 సొరంగాలు ఉన్నాయంటారు. టూరిస్టులు వాటిల్లో కేకలు పెడతారు. నాకు మాత్రం ఆ కాసేపూ ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, ఎవరూ "ఎన్ని పాసయ్యావురా" అని అడగరు, అదీ సుఖం.

ఒత్తిడి అంటే చాలామంది పరీక్ష ముందు రోజు వచ్చే భయం అనుకుంటారు. అది అందరికీ ఉంటుంది, పరీక్షవగానే పోతుంది. మా కొండల్నుంచి దిగినవాడికి ఉండేది వేరే. అది రోజూ ఉంటుంది, మెల్లగా పిండుతుంది. దానికి కారణాలు మనసులో లేవు, బయటే ఉన్నాయి. వేలు పెట్టి చూపించొచ్చు.

ముందు భాష. ఇంట్లో ఒడియా, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మీడియం నుంచి వచ్చామని కోస్తా కుర్రాళ్ళు బాధపడతారు చూడండి, మాకు ఆ తెలుగే రెండో భాష. లెక్చరర్ ఇంగ్లీషులో చెప్పింది మనసులో తెలుగులోకి మార్చుకుని, అందులోంచి మళ్ళీ ఇంటి భాషలోకి తెచ్చుకునే సరికి బోర్డు తుడిచేసేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ సంగతి సర్కారుకి తెలీక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతాల్లో గిరిజన పిల్లలకి ప్రాథమిక పాఠశాలల్లో మాతృభాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకెళ్ళే కార్యక్రమం ఎనిమిది భాషల్లో పెట్టారు: గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఒడియా, బంజారా. చాలా మంచి ఆలోచన. ఆరేళ్ళ పిల్లాడికి భాష మారితే చదువు జారిపోతుందని ఒప్పుకున్నవాళ్ళు, పద్దెనిమిదేళ్ళవాడికి మళ్ళీ భాష మారినప్పుడు ఏమవుతుందో ఎందుకు ఆలోచించరో నాకర్థం కాదు. నాకు అయిదో తరగతిలో భిన్నాలు చెప్పిన మాస్టారు మావాడే. అర్థం కాకపోతే ఇంటి భాషలో రెండు ముక్కలు చెప్పి మళ్ళీ తెలుగులోకి వచ్చేవారు. ఆ రెండు ముక్కల విలువ నాకు ఇంజనీరింగులో తెలిసొచ్చింది. (షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 సంవత్సరపు జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లుతుందా లేదా అన్న చట్టం గొడవ నాకు తెలీదు గానీ, ఆ రెండు ముక్కలు చెప్పే మాస్టారు దొరకడం కష్టమవుతుందన్న బాధ మాత్రం నాకుంది.)

తర్వాత క్యాలెండరు. దీని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడొస్తాయి? ఒకటి నవంబర్, డిసెంబర్లలో, రెండోది ఏప్రిల్, మే నెలల్లో. అరకులో కాఫీ కోత ఎప్పుడు? నవంబర్ నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా. కాఫీ పళ్ళు వరి చేనులా ఒకేసారి పండవు. ఎర్రబడినవి ఎర్రబడినట్టు మూడు నాలుగు దఫాలుగా ఏరాలి. కోసినరోజే పల్పింగ్ చెయ్యాలి, తర్వాత ఎండబెట్టాలి, మంచు పడకుండా రాత్రికి కప్పాలి. ఇంట్లో ఏడాదికి చేతికొచ్చే డబ్బంతా ఆ మూడు నెలల్లోనే. అమ్మా నాన్నా పొద్దున్నే చలిలో కోతకెళ్తుంటే కొడుకు హాస్టల్లో కూచుని లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ చదవాలి. చదువుతాడా? పుస్తకం ముందు కూచుంటాడు గానీ మనసు తోటలో ఉంటుంది. వెళ్ళి పదిరోజులు కోసి వద్దామంటే 75 శాతం హాజరు ఉండాలి. జ్వరమొచ్చిందని సర్టిఫికెట్ పెడితే కొంత మాఫీ చేస్తారు గానీ కాఫీ పండిందంటే చెయ్యరు. ఇక ఏప్రిల్‌కొస్తే చైత్రమాసంలో ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా నిలబడి వచ్చేపోయే బండ్లాపి డబ్బులడుగుతారు, రాత్రంతా థింసా. సంక్రాంతికి ఇన్ని రోజులు సెలవులిచ్చే కాలేజీకి ఇటుకల పండుగ అనేదొకటుందనే తెలీదు. నాలుగేళ్ళూ ఆ పండగ రోజుల్లో నేను చదువుకోలేదు, పండగా చేసుకోలేదు. రెంటికీ చెడ్డ రేవణ్ణి.

ఫీజు సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే నేను లేను, ఆ కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ డబ్బు ఆలస్యమైన ప్రతిసారీ హాల్ టికెట్ కోసం ఆఫీసు గది ముందు నిలబడింది నేను, సర్కారు కాదు. పరీక్షకి రెండ్రోజుల ముందు చదవాల్సిన టైములో అక్కడ నిలబడి చదివింది ఏముంది, గోడ మీద క్యాలెండరు తప్ప.

ఇంకోటి ఉంది, చిన్నది, కానీ గుచ్చుతుంది. "మీది అరకా! అబ్బ, ఎంత అదృష్టవంతుడివిరా, బొర్రా గుహలు, బొంగు చికెన్!" అని ప్రతివాడూ అనేవాడు. వలిసె పూలు పూసినప్పుడు మా ఊరి చేలో దిగిన ఫొటో తీసుకొచ్చి నాకే చూపించారు ఒకళ్ళు. కౌన్సెలింగ్‌లో నా సీటు ఎలా వచ్చిందో తెలియగానే మాత్రం అదే నోళ్ళు ఇంకోలా మాట్లాడాయి. అరకు అందరికీ కావాలి, అరకువాడు క్లాసులో పక్కన కూచుంటే మాత్రం "కోటా". దీని ఫలితమేంటంటే నేను క్లాసులో డౌట్ అడగడం మానేశాను. అడిగితే "చూశారా, కోటా" అంటారని. అడగకపోతే అర్థం కాదు. అర్థం కాకపోతే ఫెయిలు. ఫెయిలైతే "చూశారా, కోటా". ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటారు :)

ఇప్పుడసలు విషయం. వీటిలో ఏదీ నేనెవరికీ చెప్పలేదు. చదువంతా ఒంటరిగానే. రూమ్మేట్లు నిద్రపోయాక దుప్పట్లో ఫోన్ లైటు పెట్టుకుని చదివేవాణ్ణి, నాకు రాదన్న సంగతి ఎవరికీ తెలియకూడదని. రెండు గంటలు ఒకే లెక్క మీద కూచునేవాణ్ణి. మొదటి మెట్టులోనే తప్పు చేశానని చెప్పేవాడు పక్కన లేడు. ఆ రెండు గంటల తర్వాత వచ్చే నీరసాన్ని నేను "నాకు మోటివేషన్ లేదు" అనుకునేవాణ్ణి.

అది పోయింది రెండో సంవత్సరంలో, మా హాస్టల్ డాబా మీద. ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విన్నాడు. మా భాషలోనే "ఎన్నున్నాయి?" అనడిగాడు. అంత సూటిగా ఎవరూ అడగలేదు అప్పటిదాకా. "నాలుగు" అన్నాను. "నాకు రెండో ఏడు ఏడుండేవి" అన్నాడు, నిన్న కూరేమిటంటే చెప్పినట్టు. అంతే. ఆ రోజు రాత్రి నాకు నిద్రపట్టింది.

ఆ తర్వాత రోజూ రాత్రి తొమ్మిదింటికి డాబా మీద కూచునేవాళ్ళం. ఆయన, నేను, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు. వాడు గిరిజనుడు కాదు, జాలరుల పిల్లాడు, కానీ వాడికీ అయిదు పోయాయి, వాడూ ఎవరికీ చెప్పలేదు. రూలు ఒక్కటే: పుస్తకం మూసి, లెక్కని నోటితో చెప్పాలి, ఏ భాషైనా సరే. న్యూటన్స్ లా ఆఫ్ కూలింగ్ నాకు ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. ఆ సీనియర్ "మీ ఇంట్లో డిసెంబర్లో చోడి అంబలి గిన్నె బయట పెడితే ఎంత తొందరగా చల్లారుతుంది? ఇక్కడ ఈ ఉక్కపోతలో పెడితే?" అనడిగాడు. "అక్కడ గబుక్కున, ఇక్కడ నిదానంగా" అన్నాను. "ఎందుకని?" "అక్కడ చలెక్కువ." "అంటే గిన్నెకీ గాలికీ ఎంత తేడా ఉంటే అంత వేగంగా చల్లారుతుంది. తేడా తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. అదే ఈక్వేషన్, ఇక రాయి." రాశాను. శ్రీకాకుళం కుర్రాడు కూడా రాశాడు. సప్లీలో ఆ యూనిట్ నుంచే ప్రశ్న వచ్చిందని చెప్తే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను.

ఇదంతా అరకు కుర్రాడి సెంటిమెంటు అనుకునేవాళ్ళ కోసం ఒక పాత సంగతి. 1970లలో అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్మన్ అనే ఆయనకి ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. నల్లజాతి విద్యార్థులు మొదటి సంవత్సరం కాల్క్యులస్‌లో ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారు? అధ్యాపకుల్ని అడిగితే వాళ్ళు చెప్పిన కారణాలు మీరు ఊహించగలరు: మోటివేషన్ లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. ఆయన అక్కడితో ఆగకుండా ఇరవై మంది నల్లజాతి పిల్లల్నీ, ఇరవై మంది చైనా మూలాలున్న పిల్లల్నీ వాళ్ళు చదువుకునే చోట్లకే వెళ్ళి నెలల తరబడి చూశాడు. నల్లజాతి పిల్లలకి పట్టుదల లేకపోవడం కాదు, వాళ్ళు చెప్పినట్టు చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా పిల్లలు విడిగా చదివాక ఒకచోట చేరి ఒకళ్ళ లెక్కలు ఒకళ్ళు చూసుకుంటున్నారు, ఎక్కడ తప్పారో చెప్పుకుంటున్నారు. తాము ఎక్కడున్నామో వాళ్ళకి తెలుసు. ఆయన చేసిన పని ఏంటంటే, వెనకబడినవాళ్ళకి సులువు పాఠాలు చెప్పే క్లాసు పెట్టలేదు, కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా కూచోబెట్టాడు. ఫలితాలు మారాయి. ఆయన దీని మీద 1992లో రాసిన వ్యాసం గణితం చెప్పేవాళ్ళలో బాగా పేరున్నది. చదివినప్పుడు నాకు మా డాబాయే గుర్తొచ్చింది.

సాఫ్ట్‌వేర్లో ఒక మంచి అలవాటుంది. సర్వర్ పడిపోతే దాని ముందు నిలబడి "నువ్వు సాధించగలవు" అని అరవం. లాగ్స్ తీసి చూస్తాం. మెమరీ అయిపోయిందా, నెట్‌వర్క్ తెగిందా, ఎవరైనా రాత్రికి రాత్రి కాన్ఫిగరేషన్ మార్చారా? మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం లాగ్స్ అక్కర్లేదు, సింహం కథ చాలు.

అలాగని తప్పంతా బయటిదే అనను. 2016లో ఉచితంగా 4జీ వచ్చినప్పుడు నేను నెలరోజులు క్లాసుకెళ్ళానో లేదో నాకే గుర్తులేదు. నా తొమ్మిదిలో రెండు కచ్చితంగా ఆ ఖాతాలోవే, వాటికి భాషా క్యాలెండరూ కారణం కాదు. అయితే ఇప్పుడాలోచిస్తే, ఫోన్లో పడ్డది కూడా క్లాసులో ఏమీ అర్థంకాని రోజుల్లోనే. అర్థమైన సబ్జెక్టు ఉన్న రోజు ఫోన్ దానంతటదే జేబులో ఉండేది. ముందు చదువు తెగి, తర్వాత ఫోన్ వచ్చింది. పెద్దవాళ్ళు దీన్ని తిరగేసి చెప్తారు.

కాలేజీలు చెయ్యాల్సింది పెద్దదేం కాదు. మోటివేషన్ స్పీకర్‌కి ఇచ్చే డబ్బు తీసుకెళ్ళి, బ్యాక్‌లాగులు దాటి వచ్చిన సీనియర్లకి ఇచ్చి, రాత్రి రెండు గంటలు జూనియర్లతో కూచోమనండి. టాపర్లొద్దు, తప్పి పాసైనవాళ్ళే కావాలి. ఎక్కడ జారుతుందో వాళ్ళకే తెలుసు. కొండ ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లల పేర్లు అడ్మిషన్ రోజే కాలేజీ దగ్గరుంటాయి కదా, వాళ్ళ చేతిలో సీటు కాగితం పెట్టేటప్పుడే వాళ్ళ ప్రాంతపు సీనియర్ ఫోన్ నంబరు కూడా పెట్టొచ్చు. కోతల టైములో ఒక వారం హాజరు మాఫీ చేస్తే ఏ యూనివర్సిటీ కూలిపోదు.

కౌన్సెలర్ సంగతి కూడా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిస్తూ విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వందమందీ అంతకన్నా ఎక్కువమందీ విద్యార్థులుంటే కనీసం ఒక అర్హతున్న కౌన్సెలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టి నలుగురిలో చిన్నబుచ్చకూడదు, సహాయ నంబర్లు హాస్టళ్ళలో కనబడేలా పెట్టాలి. కేంద్రం నడిపే టెలి మానస్ నంబరు 14416, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ టపా చదివే లెక్చరర్లెవరైనా ఉంటే ఒక్కసారి మీ హాస్టల్ నోటీసు బోర్డు చూసి రండి, అందులో ఆ నంబరుందా లేక కోటువేసుకున్నాయన ఫ్లెక్సీ ఉందా అని. మావాణ్ణి అడిగితే ఫ్లెక్సీయే ఉందన్నాడు. కడుపులో తిప్పడం, నిద్రపట్టకపోవడం రోజుల తరబడి ఉంటే మాత్రం డాబా మీటింగులతో సరిపెట్టుకోకూడదని, ఆ నంబరుకి ఫోన్ చెయ్యమని వాడికి గట్టిగానే చెప్పాను.

ఆ ఆదివారం ఇంకేం చెప్పానంటే, ముందు పిన్నికి చెప్పమన్నాను. "తిడుతుందన్నా" అన్నాడు. మా పిన్ని తిట్టదని నాకు తెలుసు, కానీ వాడికి తెలీదు. చివరికి నేనే మధ్యలో ఉండి ముగ్గురం ఒకే కాల్లో మాట్లాడుకున్నాం. పిన్ని అంతా విని, "మూడంటే ఎన్నింటిలో మూడు?" అనడిగింది. ఎన్నింటిలోనో చెప్పాడు. "అయితే ఎక్కువే వచ్చాయి కదా" అంది. వాడు ఏడ్చాడు.

రెండోది, మూడింటినీ ఒకేసారి చదవొద్దన్నాను. ముందు సీ ప్రోగ్రామింగ్. ఎందుకంటే అది నేను ఫోన్లో చెప్పగలను, అదొక్కటి పాసైతే మిగతావాటి మీద భయం కొంత తగ్గుతుంది. మూడోది, హాస్టల్లో తప్పినవాళ్ళని ఇద్దర్ని వెతకమన్నాను. "ఎవరు తప్పారో ఎలా తెలుస్తుందన్నా, ఎవరూ చెప్పరు కదా" అన్నాడు. "నువ్వు ముందు చెప్పు, వాళ్ళే బయటపడతారు" అన్నాను. నమ్మలేదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, పాయింటర్ల మీద డౌటట. వెనక ఇద్దరు ముగ్గురి గొంతులు వినబడుతున్నాయి, ఎవడో "అడగరా, ఆ స్టార్ ఎందుకో అడుగు" అంటున్నాడు. మావాడు వాళ్ళ మధ్యలో కూచునే ఇంటి భాషలో అడుగుతున్నాడు, నేను చెప్పింది వెనక్కి తిరిగి వాళ్ళకి తెలుగులో చెప్తున్నాడు. సప్లీ ఇంకా అయిదు వారాలుంది.